ఎడమ పక్క నల్ల టేపు

ఆ క్లినిక్‌లోని ఎర్రవెలుగు పళ్లను సగం రోజుల్లోనే వరసకు తెస్తుందని వీధి వీధంతా నమ్మింది. నమ్మనిది ఒక్కరే: వెనకగదిలో ముప్పయ్యొక్క ఏళ్లుగా పళ్ల అచ్చులు పోసే ఆవిడ.

ఆ ఉదయం కూడా ఆమె రబ్బరు గిన్నెలో తెల్లపిండి కలుపుతోంది. గోళ్ల అంచుల్లో పగుళ్లు, పెదవుల వెనక ఉక్కుతీగ. సాయంత్రం ఆమెకు ఉద్యోగ విరమణ. అదే సాయంత్రం ‘వెలుగుతో సగం కాలం’ అన్న బోర్డు గుమ్మం మీదికి ఎక్కబోతోంది. ఈలోగా ఆఖరి అచ్చు గట్టిపడాలి.

“ఈ వయసులో తీగలేంటక్కా? సినిమాలో వేషం ఇస్తామన్నారా?” రిసెప్షనిస్టు ఆటపట్టించింది.

“ఇచ్చారు. నీకు అత్తగారి వేషం.”

నాలుగు నెలల క్రితం డాక్టరు రిజిస్టరు తెరిచి, వెలుగు పెట్టించుకున్నవాళ్ల పళ్లే త్వరగా జరిగాయని మురిసిపోయాడు. ఆమె అదే రిజిస్టరును మొదటినుంచి తిరగేసింది. వెలుగు కోసం వచ్చేవాళ్లు తీగ బిగింపు ఒక్కటీ తప్పలేదు. మిగిలినవాళ్లు నెలలకు నెలలు ఎగ్గొట్టారు. మరి పళ్లను జరిపింది వెలుగా, బిగింపా? తేలాలంటే రెండు పక్కలా ఒకే రోజు బిగించే నోరు కావాలి. చిన్ననాటినుంచీ ఎగుడుదిగుడు పళ్లున్న తన నోరే ఇచ్చింది. పక్కకొకటి చొప్పున రెండు పళ్లు తీయించుకుంది. కోరపళ్లను ఆ ఖాళీల్లోకి లాగే స్ప్రింగులు రెండు పక్కలా సమానం. వెలుగు మాత్రం కుడికే. నోట్లో పెట్టుకునే వెలుగు పలకలో ఎడమ పక్క దీపాలకు నల్ల టేపు అంటించింది. దవడ సలిపినా రోజుకు పది నిమిషాలు ఆ పలకను పళ్ల మధ్య కరచిపట్టుకుని కూర్చుంది. ఒక్క రోజూ మానలేదు.

తన పళ్ల అచ్చు ఆరాక నాలుగు నెలల కిందటిదాని పక్కన పెట్టి, కొలిచే పరికరం డాక్టరు చేతికిచ్చింది.

“మీరే కొలవండి. నేను కొలిస్తే మొండిదాన్నంటారు.”

అతను మూడుసార్లు కొలిచి, పాత కొలతలోంచి తీసివేసి, అంకెలు అచ్చు మీదే పెన్సిలుతో వేశాడు.

“ఒక్క నోరు చాలదమ్మా.”

“చాలదు. ఆ మాటే బోర్డుకీ చెప్పండి.”

ఆమె గిన్నె కడిగి బోర్లించింది, ఏప్రాన్ మేకుకు తగిలించింది, చెప్పులు వేసుకుని వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయింది. చీకటి పడేవేళకు బోర్డు గోడవైపు ముఖం పెట్టి అలాగే ఆనించి ఉంది. బల్ల మీద తెల్లటి అచ్చు ఒక్కటే మిగిలింది: కుడి కోరపన్ను జరిగింది మూడున్నర మిల్లీమీటర్లు, ఎడమది మూడున్నర.