నెమలికంఠం రంగులో సగం

పొట్టి అని పేరే గానీ మనిషి తాటిచెట్టంత పొడవు. పన్నెండేళ్లకే అక్కని మించి ఎదిగిపోయింది, అక్క పెట్టిన పేరు మాత్రం ఎదగలేదు. ఇప్పుడామెకి యాభై ఒకటి. ఆ పేరుతో పిలిచే మనిషి లోకంలో ఒక్కతే మిగిలింది. ఆ ఒక్కదానితో మాటల్లేక ఆరేళ్లయింది.

కళ్లద్దాల షాపులో కళ్లు పరీక్షించడం పొట్టి పని. పొద్దున పదింటికి వెనక చీకటి గదిలోకి వెళ్లి అక్షరాల పెట్టె వెలిగిస్తుంది, గడ్డం ఆనించే పీట తుడుస్తుంది, అద్దాల ట్రే బయటికి తీస్తుంది. ఇక సాయంత్రం దాకా ఎవరో ఒకరు వచ్చి కుర్చీలో కూర్చుంటూనే ఉంటారు. వాళ్ల ముక్కు మీద ఇనప ఫ్రేము పెట్టి, ఒక అద్దం వేసి, అది తీసి ఇంకోటి వేసి, "ఇది బాగుందా? పోనీ, ఇది?" అని అడుగుతూనే ఉంటుంది. జానెడు దూరంలో నిలబడి వాళ్ల కళ్లలోకి చూస్తుంది. వాళ్లేమో ఆమె భుజం మీదుగా అక్షరాల కేసి చూస్తారు. అందులో వాళ్ల తప్పేం లేదు, అలా చూడమని చెప్పేది ఆమే.

ఒక మంగళవారం రిటైరైన పోస్ట్‌మాస్టరు వచ్చాడు. పద్నాలుగేళ్లుగా ఆయన కళ్లు చూస్తున్నది పొట్టే. కుడి కంట్లో ఎప్పుడు మసక మొదలైందో ఆయన ఇంట్లోవాళ్ల కన్నా ఆమెకే బాగా తెలుసు. కొత్త అద్దాలు పెట్టుకుని గోడ మీది గడియారం చూశాడు, వీధి చివరి బోర్డు గడగడా చదివేశాడు, తర్వాత ఆమెని ఎగాదిగా చూసి, "కొత్తగా చేరారా అమ్మా? బాగా చూశారు. ఇదివరకు ఇంకెవరో ఉండేవారు" అన్నాడు.

"అవునండీ, ఈమధ్యే చేరాను" అంది పొట్టి.

ఆయన వెళ్లాక చీకటి గదిలో కూర్చుని కాసేపు నవ్వుకుంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లే దారిలో ఏనాడూ తల తిప్పి చూడని బ్యూటీ పార్లర్ ముందు ఆగింది, ఆగిన మనిషి లోపలికి కూడా వెళ్లిపోయింది.

"జుట్టుకి రంగు వేయించుకోవాలి. నలుపు కాదు" అంది.

పార్లర్ ఆవిడ ఆమె చేతుల కేసి చూసింది. "ఏం తెచ్చారు మరి?"

నలుపు ఎవరికైనా వేస్తారు, నలుపుకేం కరువు. నీలం, ఎరుపు, ఆకుపచ్చ లాంటివి తలకెక్కాలంటే మాత్రం అవి ఇంకెక్కణ్ణుంచో దిగాలి. ఇది అందరికీ తెలిసిన సంగతే. డ్రిల్లు మాస్టారు మీసాలకి ఎరుపు వేయించుకున్నప్పుడు ఆయన స్కూటరు పాలలా తెల్లబడింది. ఇప్పటికీ దాని మీదే తిరుగుతున్నాడు. పళ్ల డాక్టరుగారి భార్య ఆకుపచ్చ జుట్టు కోసం కిటికీ తలుపులు రెండూ ఊడదీయించి ఆటోలో వేసుకొచ్చింది. పొట్టి ఇవన్నీ విని కూడా ఉత్త చేతులతో వచ్చేసింది.

"మీ సొంతమైంది, ముదురు రంగుది, ఏదైనా సరే తీసుకురండి" అంది పార్లర్ ఆవిడ. "అద్దె సామాను మాత్రం వద్దు. మొన్నొకాయన అద్దె ఇంటి గేటు రంగు దించుకుని, ఓనరు చేత నానా తిట్లూ తిన్నాడు."

పొట్టి ఇంటికి వెళ్లి వెతికింది. కర్టెన్లు బూడిద రంగు. దుప్పటి గోధుమ రంగు. చీరలన్నీ ఉతికి ఉతికి ఏ రంగువో చెప్పలేని స్థితికి వచ్చినవే. ఉన్నవి రెండు కుర్చీలు, ఒకదాని మీద ఆమె కూర్చుంటుంది, రెండో దాని మీద మడత పెట్టాల్సిన బట్టలు కూర్చుంటాయి. యాభై ఏళ్ల మనిషి ఇంట్లో కంటికి తగిలే రంగు ఒక్కటంటే ఒక్కటి లేకపోవడం చూస్తే ఆమెకే ఆశ్చర్యమేసింది. ఆశ్చర్యం వెనకాలే దిగులు కూడా వచ్చి కూర్చుంది. చివరికి మంచం కింది పెట్టెలో, అడుగున, స్వెటర్ దొరికింది.

నెమలికంఠం రంగు. అక్క పెళ్లి కుదిరిన ఏడాది అమ్మ అల్లింది. అక్కాచెల్లెళ్లు దేనికైనా కొట్టుకు చస్తారని ఒకే ఉన్ని తెచ్చి, ఒకే కొలతతో రెండు అల్లింది. అయినా బొత్తాల దగ్గర కొట్టుకున్నారు. అదే అమ్మ చివరి ఏడేళ్లూ ఇదే ఇంట్లో మంచాన పడి ఉంది. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, రాత్రి పగలు మందులు, అన్నీ పొట్టే చూసుకుంది. అక్క నాలుగు గంటల బస్సు ప్రయాణం దూరంలో మొగుడితో కాపురం చేసుకుంటూ ఏడాదికి రెండుసార్లు వచ్చి వెళ్లేది. అమ్మ పోయిన రోజు హాలు నిండా చుట్టాలు. పొట్టి ఎంత బాగా చూసుకుందో అని ఎవరో మెచ్చుకుంటే అక్క ఏ ధ్యాసలో ఉందో, "దానికేం, పెళ్లా పెటాకులా! ఒంటిది. దానికి ఇంకేం పనుంది గనక?" అనేసింది.

తర్వాతైనా అక్క ఫోను చేసి ఒక్క మాట అంటుందేమో అని పొట్టి ఆగింది. వారం ఆగింది, నెల ఆగింది. అక్క తక్కువదా, చిన్నది, అదే చేస్తుందిలే అని తనూ ఆగింది. రెండేళ్ల కిందట బావ పోయాడు. ఆ కబురు ఎవరి ద్వారానో ఆలస్యంగా అందింది. పొట్టి సంచి సర్దుకుని బస్టాండు దాకా వెళ్లి, ముఖం చెల్లక తిరిగొచ్చేసింది. ఆ తర్వాత ఇక ఫోను చేయడానికి దారే మిగల్లేదు.

మర్నాడు పార్లర్ ఆవిడ స్వెటర్‌ని వెలుతురులో పట్టి చూసింది. "మంచి రంగు. దీనికి జత ఉందా? జతవైతే రంగు రెంటిలోంచీ లాగుతుంది, రెండోవాళ్లు గోల పెడతారు. ముందే చెప్పండి."

పొట్టి ఒక్క క్షణం ఆలోచించింది. అక్క రెండేళ్లు వాడిన వస్తువుని ఇంట్లో ఉంచే మనిషి కాదు. ముప్ఫై ఏళ్ల నాటి స్వెటర్, అందులోనూ పొట్టిని గుర్తు చేసేది, ఈపాటికి ఏ గిన్నెలవాడికో వేసేసి ఉంటుంది.

"ఉండేది. ఇప్పుడు లేదు" అంది.

"లేని దాంట్లోంచి ఎలాగూ రాదు లెండి. ఒక్క స్వెటర్ అయితే చెవుల దాకా వస్తుంది. మిగిలిన జుట్టు కత్తిరించేద్దాం."

ముందు ఏదో మందు రాసి జుట్టులో ఉన్న రంగంతా పోగొట్టింది, మాడు చురచురమంది. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో తడిపిన స్వెటర్‌ని తలకి తలపాగాలా చుట్టి, పైన ప్లాస్టిక్ టోపీ తొడిగి, గడియారం చూసుకుంది. నలభై నిమిషాలయ్యాక విప్పింది. స్వెటర్ చేతుల్లో తెల్లగా వేలాడింది. పార్లర్ ఆవిడ కత్తెర తీసింది, మళ్లీ పక్కన పెట్టేసింది.

"ఇదేంటండీ" అంది. "చివరల దాకా పట్టేసింది. ఒక్క స్వెటర్‌కి ఇంత రంగు రాదే!"

పొట్టి అద్దంలో చూసుకుంది. వీపు సగం దాకా పడే జుట్టంతా, వెంట్రుక మిగలకుండా, నెమలికంఠం రంగు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. అంటే అక్క ఉంచుకుంది. ఆరేళ్లు మాట లేదు, పలుకు లేదు, అయినా ఉంచుకుంది.

ఆ రాత్రి నుంచి ఫోను దిండు పక్కనే పెట్టుకుంది.

షాపులో మాత్రం పండగే అయింది. మేనేజరు, "మేడమ్, మీరేనా!" అని రెండుసార్లు అడిగాడు. అక్షరాలు చదవమంటే జనం ఆమె జుట్టు చదువుతున్నారు. "ఎందులోంచి దించారండీ? షాంపూ ఏది వాడుతున్నారు?" అని అందరూ ఆరా తీసేవాళ్లే. ఇదివరకు ఎవరూ చూడని మనిషి, ఇప్పుడు అందరూ జుట్టుని చూసే మనిషి అయింది. సాయంత్రం తలుపు తాళం తీసుకుని లోపలికి వెళ్తే ఇల్లు ఎప్పట్లాగే ఉండేది. ఒక్కోసారి అద్దం ముందు నిలబడి తన జుట్టు తనే పట్టుకుని చూసుకునేది. ఇందులో సగం అక్కది, ఏ సగమో ఎవరు చెప్తారు?

ఎవరూ ఫోను చేయలేదు. అక్క ఆ స్వెటర్‌ని ఏ అటక మీదో పడేసి ఉంటుంది, తెల్లబడిన సంగతి ఇంకో పదేళ్లకి గానీ తెలియదు. పోనీ తనే చేస్తే? చేసి ఏమని చెప్పాలి? బావ పోయినప్పుడు రాని మనిషి, రంగు దొంగిలించానని చెప్పడానికి ఫోను చేసిందంటారు. నంబరు నొక్కేది, మోగకముందే పెట్టేసేది.

పన్నెండో రోజు మధ్యాహ్నం, ఒకావిడ ముక్కు మీద ఫ్రేము పెట్టి ఉండగా, ఫోను మోగింది.

"నా స్వెటర్ రంగెందుకు తీశావే?"

హలో లేదు, బాగున్నావా లేదు. పొట్టి గోడకి ఆనుకుంది.

"నీకెలా తెలిసింది?"

"ఒంటి మీద ఉంటే తెలియదూ! కూరగాయల కొట్లో నిలబడి ఉన్నాను. భుజాల దగ్గర మొదలైంది, చూస్తుండగానే చేతుల దాకా తెల్లబడిపోయింది. ఆ కొట్టతను 'ఎవరో మీ వాళ్లు రంగు వేయించుకుంటున్నారమ్మా' అని ఊరికే రెండు నిమ్మకాయలు చేతిలో పెట్టాడు. నా పరువు తీశావు."

"అది పన్నెండు రోజుల కిందటి మాట కదక్కా."

"కోపం తగ్గాక చేద్దామని ఆగాను. తగ్గట్లేదు, అందుకే చేశాను. ఆదివారం వస్తున్నా. నా రంగు నాకు పడెయ్" అని పెట్టేసింది.

కుర్చీలో ఉన్నావిడ, "ఏమైందండీ? నాకేమీ కనిపించట్లేదు" అంది. పొట్టి గబగబా కళ్లు తుడుచుకుని ఆమెకి అద్దం వేసింది.

ఆదివారం అక్క బస్సు దిగింది. జుట్టు పల్చబడింది, నడక నెమ్మదించింది, ఎండ మండిపోతున్నా స్వెటర్ వేసుకునే ఉంది. తెల్లటి స్వెటర్‌కి బొత్తాలు మాత్రం నీలంగానే ఉన్నాయి. చెల్లెలి తల కేసి పైనుంచి కిందికి చూసి, "పద, ఎక్కడా పార్లర్?" అంది.

పార్లర్ ఆవిడ ఇద్దరినీ పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టి నీళ్లు వేడి చేయడానికి వెళ్లింది. తిరిగి ఇవ్వడం కష్టమేం కాదంది. వస్తువూ, మనిషీ ఒకచోట ఉంటే చాలు, సగం రంగు దానంతటదే దిగుతుంది. అక్కాచెల్లెళ్లు ఎదురుగా ఉన్న అద్దంలోకి చూస్తూ కూర్చున్నారు. అద్దంలో మాట్లాడటం కాస్త తేలిక.

"బావ పోయినప్పుడు రాలేదు నువ్వు" అంది అక్క.

"బస్టాండు దాకా వచ్చాను."

"అక్కణ్ణుంచి?"

"వెనక్కి పోయాను. ఏ ముఖం పెట్టుకుని రానక్కా?"

"ఉన్న ముఖం పెట్టుకునే రావాల్సింది."

అక్క స్వెటర్ అంచు లాగి సవరించుకుంది, మళ్లీ లాగింది.

"రెండేళ్లుగా నేనొక్కదాన్నే. కుళాయి కారితే నేనే, సిలిండరు అయిపోతే నేనే. జ్వరమొస్తే థర్మామీటరు పెట్టుకునేదీ నేనే, చూసుకునేదీ నేనే. ఆ రోజు అందరి ముందూ ఏమన్నాను? దానికేం పనుంది అన్నాను కదూ? నా నోరు పడిపోను. ఒంటిగా ఉంటే ఊపిరి తీసుకునే తీరికుండదే పొట్టీ."

పొట్టి ఏడ్చింది. ఆరేళ్లుగా దాచుకున్నదంతా, పార్లర్ ఆవిడ కప్పిన నల్లగుడ్డ మీద పడేలా ఏడ్చింది. అక్క ఏడవలేదు గానీ కుర్చీలోంచి చెయ్యి చాపి, చెల్లెలి జుట్టు ఒక పాయ తీసి, వేళ్లకి చుట్టుకుని చూసింది.

పార్లర్ ఆవిడ తొట్టితో వచ్చింది. "స్వెటర్ విప్పండమ్మా, మొదలుపెడదాం."

అక్క పాయ వదిలేసింది. "ఇవాళ వద్దులెండి. నా బస్సుకి టైమవుతోంది" అంది. బస్సుకి ఇంకా మూడు గంటలుంది. "వచ్చే నెల మొదటి ఆదివారం రాసుకోండి. పొట్టీ, ఈలోపు నువ్వు గానీ కత్తెర ముట్టుకున్నావంటే ఊరుకోను, సగం నాది."

పార్లర్ ఆవిడ పుస్తకంలో రాసుకుంది. ఆ నెల అక్క వచ్చి, ఇవాళ తలనొప్పిగా ఉందంది. ఆ పై నెల, నీళ్లు మరీ వేడిగా ఉన్నాయని వంక పెట్టింది. ఇంకో నెల అసలు పార్లర్ ఊసే ఎత్తకుండా, వచ్చిన దగ్గర్నుంచీ పొట్టి వంటని తిడుతూ కూర్చుంది. పొట్టి కూడా తెలివైనదే, తీసుకోమని ఒక్కసారీ గుర్తు చేయలేదు.

ఏడో నెల అక్క సూట్‌కేసుతో దిగింది. కుర్చీ మీది బట్టలన్నీ మంచం మీదికి విసిరేసి అందులో చతికిలబడి, "ఇలా తిరగడం నా వల్ల కాదు. నా రంగు నా చేతిలో పడేదాకా ఇక్కణ్ణుంచి కదిలేది లేదు" అంది.

పొట్టి ఇప్పటికీ ఇవ్వలేదు.