మూడో డబ్బా

ఆ ఇంట్లోకి ఏ వస్తువు రావాలన్నా ముందు ఆయన చెవి ఒప్పుకోవాలి. మిక్సీ కొన్నా, ఫ్యాన్ కొన్నా, ఆఖరికి తలుపు గొళ్ళెం కొన్నా, ఆయన తల ఓ పక్కకు వంచి, కళ్ళు మూసుకుని "ఊఁ" అన్నాకే అది ఇంటి సామాను కింద లెక్క. "బేరింగ్ పోయింది, వెనక్కిచ్చెయ్" అన్నాడంటే, బ్రహ్మదేవుడు దిగొచ్చి చెప్పినా ఆ మిక్సీ గడప దాటి లోపలికి రాదు. ఆయన పని సినిమాలకు సౌండ్ మిక్సింగ్. మాటలు, సంగీతం, అడుగుల చప్పుడు, వాన, అన్నీ విడివిడిగా వస్తాయి. వాటిని కలిపి, ఏది ఎంత వినపడాలో తేల్చాలి. స్టూడియోలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన "చెవిగారు".

భార్య కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. "కళ్ళు నువ్వు చూసుకో, చెవులు నేను చూసుకుంటా, ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మనిషి" అని పెళ్ళైన కొత్తలో ఆయన వేసిన జోకు ఇప్పటికీ చుట్టాలొచ్చినప్పుడల్లా బయటికొస్తుంది. ఆవిడా ప్రతిసారీ కొత్తగా విన్నట్టే నవ్వుతుంది. సంసారమన్నాక ఆ మాత్రం నటన తప్పదు.

పాత డిస్క్ ప్లేయర్ మూలపడ్డాక టీవీ కింద ఒక స్ట్రీమింగ్ బాక్స్ వచ్చి చేరింది. అరచేతిలో పట్టేంత ఉంటుంది, లోకంలోని సినిమాలన్నీ తన కడుపులోనే ఉన్నాయంటుంది. చిక్కల్లా ఒక్కటే. అది శబ్దాన్ని అంకెలుగా బయటికి పంపుతుంది. హాల్లో ఉన్న యాంప్లిఫయరేమో ఆయన మొదటి సంపాదనతో కొన్నది. దానికి అంకెలు రావు. ఎర్ర పిన్నూ తెల్ల పిన్నూ పెట్టే రెండు కన్నాలు తప్ప ఇంకో విద్య తెలీదు. ఈ ఇద్దరికీ మధ్య ఒక దుబాసీ కావాలి, అంకెల్ని మళ్ళీ శబ్దంగా మార్చి అందించే కన్వర్టర్ డబ్బా.

"పోనీ యాంప్లిఫయరే మార్చేద్దామండీ" అంది ఆవిడ.

"కావాలంటే నన్ను మార్చెయ్. దాని జోలికి రాకు" అన్నాడాయన.

నచ్చనివి తిప్పి పంపే షరతు మీద మూడు రకాల కన్వర్టర్లు తెప్పించాడు. ఒకటి అగ్గిపెట్టెంత నల్లది, ఒకటి గుండ్రటి మీట ఉన్న వెండిరంగుది, మూడోది నీలం దీపం వెలిగే బరువైనది. మామూలుగా అయితే మూడింటినీ విని ఒకటి ఏరడం ఆయనకు కాఫీ తాగినంతసేపటి పని. అలాంటిది ఆ ఆదివారం ఇంటిల్లిపాదినీ సోఫాలో కూర్చోబెట్టాడు. తను మాత్రం టీవీ పక్కన స్టూలు వేసుకుని వాళ్ళకి ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కడేం వినపడుతుంది మీకు, స్పీకర్ల వెనక? ఇలా వచ్చి కూర్చోండి" అంది ఆవిడ.

"వైర్లు మార్చాలిగా. ఇక్కడే వీలు" అన్నాడు.

ఎన్నడూ లేనిది ఇదేం వేడుకా అనుకుంది గానీ, ఆయన సరదా ఆయనదని ఊరుకుంది.

నల్ల డబ్బా పెట్టి ఒక పాట వేశాడు. పదో తరగతి చదివే కూతురు, ఇంట్లో అందరికీ బుడంకాయ, నోరంతా తెరిచి ఆవలించింది. వెండి డబ్బా పెట్టాడు. బుడంకాయ కాలు గోక్కుని "అయిపోయిందా నాన్నా?" అంది. సోఫా చివర కూర్చున్న అత్తగారు కొడుకు వైపు అనుమానంగా చూసింది. ఆవిడకి చెవుడు మొదలై చాలా కాలమైంది, దాన్ని ఒప్పుకోవడం మాత్రం ఇంకా మొదలుకాలేదు.

"పాట ఎప్పుడు పెడతావురా?" అంది.

"రెండు అయిపోయాయమ్మా."

"చెప్పి పెట్టొద్దూ మరి!"

మూడో డబ్బాకి కరెంటు ఇవ్వగానే, పాట ఇంకా మొదలు కాకముందే, స్పీకర్లలోంచి సన్నటి కీచు బయల్దేరింది. పెద్దదేం కాదు. పంటి నరంలో సూదితో గుచ్చినట్టు, ఆగకుండా, ఒకే తీరున. బుడంకాయ భుజాలు పైకి లేచాయి. ఆవిడ వెంటనే మొగుడి వైపు చూసింది. ఇలాంటి కూత వింటే వైరు ఊడబెరికి, చేసినవాడి ఏడు తరాల్నీ తిట్టిపోసే మనిషాయన. ఆయన అప్పుడే ప్లగ్గు దగ్గర్నుంచి లేచి, తల పక్కకు వంచి, చిన్నగా నవ్వుతూ వీళ్ళ వైపు తిరిగాడు.

"చూశారా, ఎంత శుభ్రంగా ఉందో" అన్నాడు.

ఆవిడ, ఏదో అనబోతున్న కూతురి మోకాలు గట్టిగా నొక్కింది. పాట మొదలై అయిపోయేదాకా తల్లీకూతుళ్ళిద్దరూ రాతిబొమ్మల్లా కదలకుండా కూర్చున్నారు. కదిలితే మొహంలో ఏం బయటపడుతుందోనని ఆవిడ భయం.

"ఎలా ఉంది?" అన్నాడాయన.

"బాగుందండీ."

"అయితే ఇదే ఖాయం" అని మిగతా రెండూ తిరిగి అట్టపెట్టెల్లో పెట్టేశాడు.

వంటింట్లోకి వచ్చాక బుడంకాయ గొంతు తగ్గించి అడిగింది. "అమ్మా, ఆ కీచు నాన్నకి వినపడలేదా?"

వినపడలేదు. ఆవిడకి అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఫ్రిజ్ తలుపు సరిగా పడక బీప్ బీప్‌మని మొత్తుకుంటుంటే దాని పక్కనే నిలబడి పేపరు చదువుకోవడం. వాషింగ్ మెషీన్ పని అయిపోయిందని గోల పెడుతుంటే "ఇంకా తిరుగుతోందా అది?" అనడం. ప్రతిసారీ పరధ్యానం అనుకుని తనే వెళ్ళి మూసొచ్చింది. షాపుకి వచ్చేవాళ్ళలో కొందరు, తమ వంతు కోసం కూర్చున్నప్పుడే బోర్డు మీది అక్షరాలు బట్టీ కొట్టి, కుర్చీ ఎక్కి గడగడా అప్పజెబుతారు. ఆవిడ బోర్డు తిప్పి వాళ్ళ దొంగతనం ఇట్టే పట్టేస్తుంది. ఇంట్లో మాత్రం ఇన్నాళ్ళూ బోర్డు తిప్పే ధైర్యం లేకపోయింది.

"నాన్నతో ఒక్క మాట అన్నావో, చూడు" అంది కూతురితో.

"అదేంటమ్మా, చెప్పకపోతే ఎలా?"

"పై వారం నుంచి పెద్ద సినిమా మిక్సింగ్. ఇప్పుడు చెబితే ఆయన చెయ్యి ఆడుతుందా? అది అయిపోనీ. నేనే మెల్లగా చెబుతా."

అలా అందే గానీ, ఎలా చెప్పాలో ఆవిడకి తెలీదు. చూపు తగ్గితే అద్దాలు ఇచ్చి పంపుతుంది, మనిషి నవ్వుకుంటూ వెళ్ళిపోతాడు. చెవే అన్నం పెట్టేవాడికి, చెవే పేరైనవాడికి, అది పోతోందని ఏ మాటతో మొదలుపెడతారు? ఆ ఇంటి తిండీ గుడ్డా సంగతి తర్వాత. చెవి తీసేస్తే ఆ మనిషిలో ఏం మిగులుతుందో ఊహించడానికే ఆవిడకి భయమేసింది.

కీచు ఇంట్లో కాపురం పెట్టింది. సాయంత్రం కాగానే ఆయన డబ్బా ఆన్ చేసి "రండర్రా" అని పిలిచేవాడు. బుడంకాయ చదువు వంటింటి గట్టు మీదికి మారింది. ఆవిడ జుట్టు చెవుల మీదికి వదులుకుని, లోపల దూది కుక్కుకుని పక్కన కూర్చునేది. ఆ డబ్బాని వదిలించుకోవడానికి ఎన్ని ఎత్తులు వేసిందో! నీలం దీపం కళ్ళలో పొడుస్తోందంది. ఆయన దానికి నల్ల టేపు అంటించాడు. కాలిన వాసనొస్తోందంది. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "నీ కూర మాడుతున్నట్టుంది, చూసుకో" అన్నాడు. నిజంగానే మాడింది.

ఒక రోజు ధైర్యం చేసి, "మా షాపు పక్కనే చెవుల డాక్టరు కొత్తగా క్లినిక్ పెట్టాడండీ. ఓసారి ఊరికే చూపించుకుంటే పోలా?" అంది.

"మాస్టారికి బడిపిల్లలు పరీక్ష పెట్టినట్టు ఉంటుంది" అని నవ్వాడు. ఆ నవ్వు ఎప్పటిలా లేదని ఆవిడకి అనిపించింది. ఇంకోసారి అడగడానికి నోరు రాలేదు.

ఇంకో రోజు భోజనాల దగ్గర అత్తగారు మనవరాలి మీద విసుక్కుంది. "నీళ్ళు తెమ్మని ఎన్నిసార్లు చెప్పాలే? నీకు చెప్పడమూ ఒకటే, చెవిటివాడి ముందు శంఖం ఊదడమూ ఒకటే!"

బుడంకాయ చటుక్కున తల్లి వైపు చూసింది. ఆవిడ గబుక్కున గరిటె కింద పడేసింది, ఏదో ఒక చప్పుడు కావాలి కదా. ఆయన తల ఎత్తకుండా అన్నం కలుపుకుంటున్నాడు.

సినిమా పని మొదలైంది. మొదటి భాగం మిక్సింగ్ పూర్తయిన రోజు ఆయన పొద్దుండగానే ఇంటికొచ్చేశాడు. ఆవిడ షాపు నుంచి వచ్చేసరికి హాల్లో యాంప్లిఫయర్ ఆన్ చేసి ఉంది. టీవీ ఆపేసి ఉంది. పాట లేదు, మాట లేదు, కీచు మాత్రం గదంతా నిండి ఉంది. ఆయన స్పీకర్ ముందు నేల మీద కూర్చుని సెల్‌ఫోన్ చూస్తున్నాడు.

"ఇలా రావోయ్" అన్నాడు. ఫోన్లో శబ్దాన్ని గీతలుగా చూపించే మీటరుంది. కింద అంతా చదునుగా ఉండి, కుడి చివర ఒక్క గీత మాత్రం నిట్టనిలువుగా నిలబడి ఉంది. "ఇదేంటో చెప్పు."

ఆవిడ చూపు తిప్పుకుంది.

"మొదటి రోజు నుంచీ ఉందా?"

"ఉందండీ" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సినిమా అయ్యాక చెబుదామని..."

"నీకు వినపడింది. బుడంకాయకీ వినపడింది."

"మీరు బాధపడతారని దాన్ని నేనే ఆపాను."

ఆయన ఫోను పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులు వేసుకుని కూర్చున్నాడు. కోప్పడతాడేమోనని ఆవిడ ఎదురుచూసింది. కోప్పడినా బాగుండేది.

"నాకు తెలుసు" అన్నాడు మెల్లగా. "ఏడాది నుంచీ తెలుసు, పైనుండే సన్నటి శబ్దాలు అందడం లేదని. ఎవరితో అనను? స్టూడియోలో పక్కవాళ్ళ మొహాలు చూసి నెట్టుకొస్తున్నా. ఎవరైనా కనుబొమ్మ ముడేస్తే తగ్గిస్తాను, మెడ ముందుకు సాగదీస్తే పెంచుతాను. మీటరు ఎంత ఉందో చెబుతుంది గానీ బాగుందో లేదో చెప్పదు కదా. మొహాలు ఎంతవరకు నమ్మొచ్చో ఒకసారి తేల్చుకుందామనిపించింది. పరాయివాళ్ళు మొహమాటపడతారు. ఇంట్లోవాళ్ళు పడరు కదా అని ఆ మూడు డబ్బాలూ తెప్పించాను. మీకు ఎదురుగా అందుకే కూర్చున్నా."

ఆవిడ సోఫా అంచున కూర్చుండిపోయింది.

"మొదటిదానికి అది ఆవలించింది. రెండోదానికి కాలు గోక్కుంది. మూడోదానికి ఇద్దరూ ఊపిరి కూడా తీసుకోకుండా కూర్చున్నారు. ఆహా, నచ్చితే మనుషులు ఇలా ఉంటారన్నమాట అనుకున్నాను. నేర్చేసుకున్నాననుకున్నాను."

"ఏవండీ..."

"ఇవాళ మొదటి భాగం వేసి చూపించాను. డైరెక్టరు, ఓనరు, అందరూ అచ్చం మీలాగే కూర్చున్నారు. ఒక్కడూ కదల్లేదు. సరే, కుదిరింది అని పంపించేశాను. బయటికొచ్చాక ఎందుకో అనుమానం పట్టుకుంది. ఇంటికొచ్చి ఇది పెట్టి చూశాను."

ఏమని ఓదార్చాలి? నా ప్రేమే మిమ్మల్ని ముంచిందండీ అనాలా? ఆ కీచు ఇంకా మోగుతూనే ఉంది, దాన్ని ఆపాలన్న ధ్యాస కూడా ఆవిడకి లేదు.

సెల్‌ఫోన్ మోగింది. స్టూడియో ఓనరు. ఆయన దాన్ని చూసి, ఆవిడ వైపు జరిపాడు. "నువ్వు తియ్యి. నా వల్ల కాదు."

ఆవిడ ఎత్తింది. ఆయన గొంతు కాదని తెలిసి ఓనరు తటపటాయించాడు. "అమ్మా, ఎలా చెప్పాలో తెలీడం లేదు. పైశబ్దాలన్నీ బాగా పెంచేశారమ్మా. 'స' అన్నచోటల్లా పాము బుసకొట్టినట్టుంది, చెవులు గీరుకుపోతున్నాయి. ఎదురుగా అనలేకపోయాం, పెద్దమనిషి. మిగతా భాగాలు వేరేవాళ్ళకి ఇస్తున్నాం. కొన్నాళ్ళు రెస్టు తీసుకోమనండి. మీరే కాస్త మెల్లగా చెప్పండి."

"సరేనండీ" అని పెట్టేసింది.

ఆయన నేల మీద నుంచే తలెత్తి ఆవిడ మొహంలోకి చూస్తున్నాడు. అలవాటు కొద్దీ ఆవిడ పెదాలు బిగించబోయింది. తర్వాత వదిలేసింది. మొహం ముడుచుకుపోయి, గడ్డం వణికి, చిన్నపిల్లలా బావురుమంది. చేతులు అడ్డం పెట్టుకోలేదు.

ఆయన చివరిదాకా చూసి, తల ఊపాడు.

"ఊఁ" అన్నాడు.