తాళం వేసిన కుళాయి

ఫిజీలో నౌసోరి పట్నం దాటాక కొండవాలున ఉన్న ఇళ్ళకు నీళ్ళు ఎప్పుడొస్తాయో, ఎప్పుడు ఆగిపోతాయో ఎవరికీ తెలియదు. దిగువనున్న విలిసి ఇంటి కుళాయిలో సన్నగానైనా ధార పడేది. పైనున్న ఫూల్‌మతి ఇంటిదాకా అది ఎక్కేది కాదు. అందుకని ఫూల్‌మతి ఏళ్ళ తరబడి విలిసి వాకిట్లోనే బకెట్లు నింపుకునేది.

ఒక నెల విలిసికి నీళ్ళ బిల్లు ఎన్నడూ లేనంతగా వచ్చింది. కాగితాన్ని ఎంత తిప్పి చూసినా, వాడకం అన్నచోట ఉన్న అంకె మారలేదు. ఇంట్లో ఉండేది తనూ, ముసలి తల్లీ. ఇన్ని నీళ్ళు ఎటు పోయాయి? ఆలోచన తిన్నగా ఫూల్‌మతి బకెట్ల మీదికి పోయింది.

ఆ వారమే సరఫరా పూర్తిగా ఆగిపోయి, నీళ్ళ లారీ వచ్చింది. వాడంతా వరసలో నిలబడింది. ఫూల్‌మతి ఎప్పటిలాగే పలకరించబోతే విలిసి నోరు జారింది.

"నేను చర్చికి పోయినప్పుడల్లా దొంగచాటుగా ఎన్ని డ్రమ్ములు నింపుకున్నావక్కా? నీ నీళ్ళకీ నేనే కట్టాలా?"

ఫూల్‌మతి బకెట్లు సగం నిండగానే తీసుకుని కొండెక్కింది. విలిసి కుళాయికి తాళం వేసింది. ఆ తర్వాత ఫూల్‌మతి వాగు నుంచి నీళ్ళు మోసుకెళ్ళడం కిటికీలోంచి కనబడేది. మోకాళ్ళ నొప్పులతో మధ్యమధ్య ఆగేది. విలిసి తెర లాగేసుకునేది.

తర్వాతి బిల్లు ఇంకా ఎక్కువొచ్చింది.

విలిసి నీళ్ళ ఆఫీసుకు వెళ్ళి గట్టిగానే మాట్లాడింది. అక్కడి అమ్మాయి ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి మీటరు చూడమంది. అప్పటికీ తిరుగుతుంటే లోపల గొట్టం ఎక్కడో కారుతున్నట్టేనట. అలా కారిన నీళ్ళు కూడా ఇంటివాళ్ళ లెక్కలోకే వస్తాయట. విలిసి ఇంటికొచ్చి అన్నీ కట్టేసి మీటరు ముందు కూర్చుంది. అందులోని చిన్న చక్రం ఆగలేదు. స్నానాల గది వెనక చామ దుబ్బుల మధ్య పార దింపితే, రెండో పోటుకే బురదనీళ్ళు ఉబికాయి. నిన్నమొన్నటిదాకా ఆ దుబ్బులు ఏపుగా పెరిగాయని అందరికీ చూపించి మురిసిపోయింది కూడా. పార అక్కడే వదిలేసి, ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూసుకుంది.

గొట్టం బాగు చేయించిన రోజే, తాను అల్లిన చాప ఒకటి తీసుకుని కొండెక్కింది. తమ ఫిజీ తెగవాళ్ళు క్షమించమని అడిగే పద్ధతిలో గుమ్మం దగ్గర నేల మీద తలవంచుకుని కూర్చుని, జరిగిందంతా చెప్పింది. ఫూల్‌మతి రొట్టెలు కాల్చడం ఆపలేదు.

"లే విలిసీ. నన్ను దొంగన్నప్పుడు వాడంతా విన్నది. ఇప్పుడు నేనొక్కదాన్నే వింటున్నా."

చాప వద్దనలేదు, అందుకోనూ లేదు.

మళ్ళీ లారీ వచ్చినప్పుడు విలిసి వరసలో నిలబడి, తప్పంతా తనదేనని, తన గొట్టమే కారిందని, ఫూల్‌మతి చుక్క నీళ్ళు దొంగిలించలేదని అందరికీ వినబడేలా చెప్పింది.

"అయితే దొంగలు నీ చామదుంపలేనన్నమాట," అన్నారు వెనకనుంచి ఎవరో. అందరూ నవ్వారు. ఫూల్‌మతి నవ్వలేదు. సరేలే అని, తన బకెట్టు ముందుకు జరుపుకుంది.

తాళం తీసేసిన చాలా వారాలకు గానీ ఫూల్‌మతి ఆ వాకిట్లోకి రాలేదు. వచ్చిన రోజున గేటు దగ్గరే ఆగిపోయింది. అన్నేళ్ళలో ఒక్కనాడూ అడగని మనిషి, "ఒక బకెట్టు పట్టుకోనా?" అని అడిగింది.

విలిసి పట్టుకోమని తల ఊపింది గానీ, ఆమె ముఖంలోకి కళ్ళెత్తి చూడలేకపోయింది.