పాడేవాళ్ళ వెనక

బేస్ డ్రమ్ పెడల్ కీలులో ఇంకో చుక్క నూనె వేసి, సాల్మన్ రాజు దాన్ని కాలి మునివేళ్ళతో ఆడించి చూశాడు. కిర్రుమనలేదు. విత్తనాల గోదాములో సంచుల మూతులు కుట్టే మిషన్‌కి వాడే నూనె అది. సగం జీవితం ఆ మిషన్ పట్టుకునే గడిపాడతను. సంచి కుడుతున్నంతసేపూ ఎడమ మడమ నేలమీద దరువు వేస్తూనే ఉంటుంది. గోదాములో ఎవరూ ఎప్పుడూ దాన్ని పట్టించుకోలేదు.

సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. చెంపలు లోపలికి పోయాయి. ముంజేతులు మాత్రం ఇంకా నరాలు తేలి గట్టిగా ఉన్నాయి.

నంద్యాలలో అతనూ భార్య మరియమ్మా ఉండే ఒంటిగదిలో ఒక మూలంతా డ్రమ్ సెట్‌దే. ఏళ్ళ తరబడి దానిమీదే తడిబట్టలు ఆరాయి, మడతపెట్టిన దుప్పట్లు చేరాయి. మరియమ్మ ఉల్లిపాయల బుట్ట కూడా బేస్ డ్రమ్ మీదే ఉండేది. ఈరోజు బుట్ట కింద పెట్టి, తడిగుడ్డతో తుడుస్తుంటే ముత్యపు తెలుపు బయటపడింది. పూర్తి తెలుపు కాదు, పాతబడిన పన్ను రంగు.

"సెట్టు హోటలాయనకే అమ్మింటే బాగుండు. ఈ టీచరు పాపకంటే ఎక్కువే ఇస్తాననె గదా," అంది మరియమ్మ, చింతపండు పిసుకుతూ.

"దాని కడుపు కోసి బల్బు పెడతాడంట. గోడకు యాలాడదీస్తాడంట. నాకొద్దు."

"నువ్వు వాయించేది లేదు, పెట్టేది లేదు. యాడుంటే ఏం?"

అతను గుడ్డ పక్కన పెట్టి అరచేత్తో ఛాతీ రుద్దుకున్నాడు.

"ఏందయ్యా, మల్లా పట్టేస్తాందా?"

"గాలిలే."

ఆమె ఓమ నీళ్ళు కాచి ఇచ్చింది. అతను గుక్కలో తాగేసి మళ్ళీ తుడవడానికి కూర్చున్నాడు.

ఆ సెట్ మొదట డోన్‌లో రైల్వేవాళ్ళ క్లబ్బుది. దొరల కాలపు బ్యాండు మూతబడ్డాక గదిలో దుమ్ముకొట్టుకుపోతుంటే, గ్యాంగ్‌మన్‌గా పనిచేసే సాల్మన్ రాజు తండ్రి పెద్దల్ని అడిగి ఇంటికి తెచ్చాడు. మీసాలు రాని కొడుకు దానిముందు కూర్చుని తనంతట తానే నేర్చుకున్నాడు. తర్వాత నంద్యాల వచ్చి పగలు గోదాములో చేరాడు, పెళ్ళిళ్ళ కాలంలో ఆర్కెస్ట్రాలో వాయించాడు. ఫొటోల్లో పాడేవాళ్ళుంటారు, గిటారు వాయించే అతనుంటాడు. సాల్మన్ రాజు ఉండాల్సిన చోట గుండ్రటి ఇత్తడి తాళం పళ్ళెం మెరుస్తూ ఉంటుంది, దాని కింద రెండు మోకాళ్ళు. పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లో వచ్చేశాక ఆర్కెస్ట్రా చెదిరిపోయింది. ఎవరూ మానేద్దామని చెప్పుకోలేదు. పిలుపు రావడం ఆగిపోయింది, అంతే.

లోడ్ ఆటో వచ్చింది. కొనుక్కున్న దీవెన ఆళ్ళగడ్డలో ప్రైవేటు బడి టీచరు. పోయిన ఆదివారం వచ్చి చూసి, సెట్‌ని తడిమి, బేరం కూడా ఆడకుండా ఒప్పుకుని వెళ్ళింది. ఆటోవాడు ఒక్కడే తీసుకుపోగలడు. కానీ బిగించేది తానేనని సాల్మన్ రాజు పట్టుబట్టాడు.

"బేగా రా," అంది మరియమ్మ. "పులుసు పెడతాండా."

అతను వెనక కూర్చుని, బేస్ డ్రమ్ దొర్లకుండా చెయ్యి చుట్టి పట్టుకున్నాడు. శిరివెళ్ళ దాటాక గాలి చల్లగా తగిలింది. ఈ రోడ్డు పొడుగునా అతను పెళ్ళిళ్ళు వాయించాడు. ఊళ్ళ పేర్లు మరిచిపోయాడు గానీ ఎక్కడ ఏ పాట చెడిందో గుర్తే. చాగలమర్రిలో ఒక పెళ్ళిలో ఆర్కెస్ట్రా గాయని జయలక్ష్మమ్మ జ్వరంతోనే పాడుతూ, చరణం మధ్యలో గొంతు పట్టేసి ఆగిపోయింది. మిగతావాళ్ళు చేతులెత్తేశారు. సాల్మన్ రాజు మాత్రం ఆపలేదు. కర్రలు తగ్గించి, మెత్తగా, అదే దరువుని తిప్పుతూ తిప్పుతూ ఆమె మంచినీళ్ళు తాగి ఊపిరి పీల్చుకునేదాకా పాటని నిలబెట్టాడు. జనం అదీ పాటలో భాగమే అనుకున్నారు. చివర్లో ఆమెకి దండ వేశారు. దండ వేయించుకుంటూ ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగి తలూపింది. ఆ సంగతి అతను మరియమ్మకి కూడా చెప్పలేదు. చెప్తే అందులో ఏముందంటుందని.

ఆళ్ళగడ్డ వచ్చింది. రోడ్డు పక్క పాకల్లో శిల్పులు రాయి చెక్కుతున్నారు. ఒకరి ఉలికీ ఇంకొకరి ఉలికీ పొత్తు లేదు. ఆటో దిగాక కూడా అతను కాసేపు నిలబడి వాటినే విన్నాడు.

దీవెన, వాళ్ళమ్మ ఫెబా సామాను లోపలికి పట్టారు. చిన్న హాలు. గోడ పక్కన బోర్లించిన పెయింటు డబ్బాలున్నాయి. మూతలు సొట్టలు పడ్డాయి.

"వీటిమీదే నేర్చుకున్న్యా పెద్దనాయనా," అంది దీవెన సిగ్గుపడుతూ. "చర్చిలో పెద్దోళ్ళు ఆడపిల్ల డ్రమ్స్ వాయించేదేందీ అంటాండారు. పాస్టరయ్య ఈ ఆదివారం ఒక్కసారి విందామన్యాడు."

అతను నవ్వాడు. ఒక్కొక్క మర బిగించి, చర్మం మీద వేలితో తట్టి, చెవి ఒగ్గి వింటూ తృప్తి కలిగేదాకా సరిచేశాడు. పీట ఎత్తు ఆమె కాళ్ళకి సరిపోయేలా తగ్గించాడు.

"నువ్వు ఒకసారి వాయించు పెద్దనాయనా."

"నాదైపోయింది లేమ్మా. నీది కానీ."

ఫెబా పాట ఎత్తుకుంది. దీవెన చేతులు జోరుగా కదిలాయి. హాలు అదిరింది. రెండో చరణానికే ఫెబా ఆయాసపడి ఆగిపోయింది. దీవెన ముఖం చిన్నబోయింది.

సాల్మన్ రాజు లేచి, భుజం మీది నీలం గళ్ళ తువ్వాలు తీసి సైడ్ డ్రమ్ మీద పరిచాడు. "ఇల్లు చిన్నది. ఇట్లైతే శబ్దం మెత్తగుంటాది," అన్నాడు. ఎవరికైనా నేర్పడం అతనికిదే మొదలు.

"నీ చేతులు బాగుండాయి పాపా. వాటిని చూడొద్దు. మీయమ్మ యాడ ఊపిరి తీసుకుంటాందో చూడు. ఆడ జాగా ఇయ్యి. మనం ఉండేది అందుకే."

వెళ్ళి గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఫెబా మళ్ళీ మొదలుపెట్టింది. దీవెన ఈసారి తల్లి పెదాలనే చూస్తూ వాయించింది. తువ్వాలు కింద నుంచి దరువు మెత్తగా వచ్చింది. సాల్మన్ రాజు ఎడమ మడమ నేలమీద ఆడుతోంది. కళ్ళు మూసుకున్నాడు. రెండో చరణం దాటింది, మూడోదీ దాటింది. ఫెబాకి ఆయాసం రాలేదు.

పాట అయిపోయింది. దీవెన తలెత్తింది.

"ఇప్పుడు బాగుండాదా పెద్దనాయనా?"

అతని మడమ కదలడం లేదు.

సాయంత్రానికి మరియమ్మ వచ్చింది. ఏడుపు ఆగాక అతని చొక్కా గుండీలు సరిచేస్తూ చాలాసేపు కూర్చుంది. దీవెన దగ్గరికొచ్చి, "అమ్మా, సెట్ మల్లా మీ ఇంటికే పంపిస్తా. దుడ్లు నాకొద్దు," అంది.

మరియమ్మ వచ్చాక మొదటిసారి డ్రమ్ సెట్ వైపు చూసింది. దాన్ని ఇలా తుడిచి, నిలబెట్టి, వెలుతురులో చూసి ఎన్నాళ్ళయిందో.

"వద్దులే పాపా. ఆడ నేను దానిమీద ఎర్రగడ్డలు పెట్టింటి." దీవెన వైపు తిరిగి అడిగింది. "పోయేటప్పుడు ఏం చేస్తాండె?"

"పాట వింటాండె."

మరియమ్మ తలూపింది. బయట అతన్ని నంద్యాల తీసుకెళ్ళే అంబులెన్స్ వచ్చి ఆగింది. అందరూ లేచి అతన్ని పట్టుకున్నారు. హాలు ఖాళీ అయింది. సైడ్ డ్రమ్ మీద నీలం గళ్ళ తువ్వాలు పరిచినట్టే ఉంది, కర్రలు తగిలిన నడిమధ్య మాత్రం కాస్త నలిగి.