ఒంటిగంట కిటికీ

రోజూ ఒంటిగంటకి క్లాసు వదలగానే అందరూ క్యాంటీన్ వైపు పరుగెడితే, ఆ అమ్మాయి హాస్టల్ వైపు పరుగెత్తేది. మూడో అంతస్తులో చివరి గది. సంచి మంచం మీద పడేసి, ఆయాసపడుతూ కిటికీ పక్క కుర్చీలో కూలబడేది. అద్దం అవతల, కింద వీధిలో, పిన్ని జిరాక్స్ షాపు కనబడేది.

ఒక్క సెమిస్టర్ చదువు కోసం దేశాలు దాటొచ్చిన పిల్లల హాస్టల్ అది. సముద్రం కూతవేటు దూరంలోనే ఉంది గానీ, దాన్ని చూడాలంటే రోడ్డు మీదికి వెళ్ళాల్సిందే. గది కిటికీ అద్దంలోంచి చూస్తే మాత్రం, ఎవరికి వాళ్ళ ఊళ్ళో సొంతింటి కిటికీలోంచి కనబడేదే కనబడుతుంది. పక్కగది పొడుగమ్మాయికైతే పాపం పిండిమర గోడ ఒక్కటే. తాళంచెవి చేతిలో పెట్టిన రోజే వార్డెనమ్మ అందరికీ చెప్పేసింది.

"కిటికీ రెక్క తియ్యకండి. తీస్తే ఒక్క కేక అటు చేరుతుందేమో, అంతే, మీ ఇల్లు పోయి సముద్రం కనబడుతుంది, ఇక ఎప్పటికీ అదే. తర్వాత నా దగ్గరికొచ్చి లబోదిబోమంటే నేనేం చెయ్యలేను."

అమ్మా నాన్నా పోయాక ఆ అమ్మాయిని పెంచింది పిన్నే. తన పెళ్ళి మాటెత్తిన వాళ్ళని ఆమడ దూరం తరిమి, వీధిలో వాళ్ళ కాగితాలకి నకళ్ళు తీస్తూ పెంచింది. రేవులు కట్టే చదువుకి సీటొచ్చినప్పుడు ఆ ఉత్తరాన్ని నలభై కాపీలు తీసి, అడిగిన వాళ్ళకీ అడగని వాళ్ళకీ పంచిపెట్టింది. కిటికీ సంగతి ఫోన్లో చెబితే పిన్నికి వింతేమీ అనిపించలేదు.

"అయితే ఏ టైముకి చూస్తావో అది చెప్పు," అంది.

ఇక్కడ ఒంటిగంటంటే అక్కడ పొద్దున తొమ్మిది. సరిగ్గా ఆ వేళకి పిన్ని తల నున్నగా దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, షాపు ముందుకొచ్చి షట్టరెత్తేది. వీధికి ఇటువైపు తమ మేడ మీది కిటికీకేసి చెయ్యూపేది. తిన్నావా అని చేత్తోనే అడిగేది. పిన్నికి అక్కడ ఖాళీ కిటికీ తప్ప ఏమీ కనబడదు. అయినా జవాబు అందినట్టే తలూపి లోపలికి పోయేది.

మూడో నెల వచ్చేసరికి పిన్ని భుజాలు జారినట్టు అనిపించాయి.

"చిక్కిపోయావేంటి పిన్నీ?"

"ఈ వయసులో చిక్కక బలుస్తారా? నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. నువ్వు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదువుకో."

ఒకరోజు పంతులుగారికి జ్వరమని మధ్యాహ్నం క్లాసు లేదన్నారు. పిన్ని చెయ్యూపి లోపలికి పోయాక కూడా ఆ అమ్మాయి కిటికీ దగ్గరే కూర్చుంది. పది నిమిషాలైంది. పక్కషాపు టైలర్ మావయ్య మెడలో టేపుతో బయటికొచ్చి, పిన్నిని రెక్క పట్టుకుని మెట్టు మీద కూర్చోబెట్టి, ఎత్తిన షట్టర్ని కిందికి లాగి తాళం వేశాడు. తర్వాత పసిపిల్లని నడిపించినట్టు పిన్నిని వీధి దాటించాడు. షాపు రోజుకి పది నిమిషాలు తెరుస్తున్నది ఈ కిటికీ కోసమేనని అప్పుడు తెలిసింది.

వెంటనే టైలర్ మావయ్యకి ఫోన్ చేసింది.

"చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుందమ్మా. గుండెకి ఆపరేషన్ అన్నారు. నువ్వొచ్చాకే చేయించుకుంటానని కూర్చుంది."

పిన్నికి చేస్తే, ముందు టైలర్ని నాలుగు తిట్టింది. ఆ తర్వాత గొంతు తగ్గించింది.

"పరీక్షలు పన్నెండు రోజుల్లో ఉన్నాయన్నావుగా. రాసి రా. మధ్యలో వస్తే నీతో మాట్లాడను."

"నీకేమైనా అయితే?"

"పన్నెండు రోజుల్లో ఏమవుతుందే?"

పరీక్షలు వదిలేస్తే చదివిన చదువంతా బూడిదలో పోసిన పన్నీరే. పన్నెండు రోజులే కదా అనుకుంది. నిజం చెప్పాలంటే, ఉండిపొమ్మని పిన్ని అన్నందుకు లోలోపల కాస్త ఊపిరి కూడా పీల్చుకుంది. అది తలచుకుని రాత్రీ పగలూ తనని తానే తిట్టుకునేది. అయినా ఉండిపోయింది. పిన్ని రోజూ తొమ్మిదింటికి వచ్చి చెయ్యూపుతూనే ఉంది.

చివరి పరీక్ష రాసి, మర్నాటి ప్రయాణానికి పెట్టె కూడా సర్దుకుని కిటికీ దగ్గర కూర్చుంది. పిన్ని వచ్చింది. షట్టర్ సగమే లేచింది. చెయ్యి ఊపింది. ఆ చెయ్యి దించకుండానే షట్టర్ని ఆనుకుని మెల్లగా కిందికి జారిపోయింది.

వీధిలో నరపురుగు లేదు. టైలర్ మావయ్య తన షాపు లోపల మిషన్ మీదికి వంగి ఉన్నాడు. ఫోన్ చేసింది. బల్ల మీద ఆయన ఫోను వెలుగుతోంది, ఆయనకి వినబడటం లేదు. రెండోసారి చేసింది. పిన్ని కదలడం లేదు.

ఆ అమ్మాయి గడియ లాగి కిటికీ తెరిచింది.

"మావయ్యా! పిన్ని పడిపోయింది!"

టైలర్ మావయ్య తలెత్తడం మాత్రం చూడగలిగింది. ఆ వెంటనే ఉప్పుగాలి మొహాన కొట్టింది. కింద ఇసుక, నీళ్ళు, కనుచూపు మేరా ఎండలో మెరిసే సముద్రం. మూసి తీసింది, మళ్ళీ మూసి తీసింది. సముద్రమే.

అరగంటకి ఫోన్ మోగింది.

"నీ కేక విని పరుగెత్తానమ్మా," అన్నాడు టైలర్ మావయ్య. "నా ఒళ్ళోనే పోయింది. ఒంటరిగా పోలేదు."

ఆ అమ్మాయి కిటికీ రెక్క మూసింది.

"నీళ్ళు చల్లితే ఒకసారి కళ్ళు తెరిచింది. 'అది చూసిందా?' అని అడిగింది. 'చూడలేదు, ఇంకా పరీక్ష హాల్లోనే ఉందట' అన్నాను. హమ్మయ్య అంది."

"మంచిపని చేశావు మావయ్యా," అంది ఆ అమ్మాయి.