కరకట్ట మూట

లారీ తొట్టిలోకి ఒంగి ఎక్కిన మేస్త్రి మొదటి మూటను క్యాబిన్ గోడకు ఆనించి మోకాలితో అదిమాడు. సహాయ సామగ్రి గోదాములో లారీలు సర్దించడం ఆయన పని. చివర దిగేది ముందు ఎక్కాలి, ముందు దిగేది తలుపు దగ్గరుండాలి. జుట్టు నెరిసేదాకా నేర్చుకున్నది అంతే. ఆయన సర్దితే వేలు దూరే సందుండదు, ఎంత గతుకుల్లోనైనా గిన్నె గలగలమనదు. మెచ్చుకున్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఆ మూట దారిలో అన్నిటికన్నా చివర వచ్చే కరకట్ట శిబిరానిది. వరదకు ఇల్లు పోయి అక్క అక్కడే డేరాలో ఉంది. అమ్మ పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచిన మనిషి, ఇప్పుడు ఉబ్బసం. పొద్దున్నే ఫోన్ చేసింది.

"తమ్ముడూ, నేలంతా చెమ్మరా. రాత్రంతా కూర్చునే ఉన్నా. ఒక్క దుప్పటి పంపవూ?"

గోదాము నిండా దుప్పట్లే. ఒక్కటి చేతికివ్వడానికి వీల్లేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. అందుకని ఇంట్లో తను కప్పుకునే ఉన్ని దుప్పటే తెచ్చి, ఆ మూటలో దూర్చి, అక్క గుర్తుపట్టేలా పచ్చ గుడ్డ పీలికతో ముడి వేశాడు.

సర్దడం పూర్తయ్యేసరికి మేనేజరు వచ్చాడు. సంస్థలు ఎలా నడపాలో పెద్ద చదువు చదివిన కుర్రాడు, చెడ్డవాడేం కాదు.

"దారి తిరగేశాం మేస్త్రీ. దాతలు కరకట్టకు వస్తున్నారట. లారీ ముందు అక్కడికే వెళ్లాలి."

"అయితే అంతా దింపి మళ్లీ ఎక్కించాలి సార్. వాళ్ల సరుకు లోపల పడింది."

"అంత టైం లేదు. దారి సంగతి పైవాళ్లు చూస్తారు, దింపుడు శిబిరంవాళ్లు చూస్తారు. ఎవరి పని వాళ్లు చేస్తేనే కదా సంస్థ నడిచేది."

అక్క అక్కడుందని చెప్పబోయాడు. సొంతవాళ్ల కోసం లారీ ఆపాడంటారని ఆగిపోయాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నోటిదాకా వచ్చిన మాటలన్నీ ఆయన అలాగే మింగాడు. లారీ తలుపుకు గడియ పెట్టింది కూడా ఆయనే.

అన్నం డబ్బా తెరుస్తుంటే అక్క ఫోన్.

"లారీ వచ్చిందిరా. మా డేరా ముందే ఆగింది. ఫొటోలు తీసుకుంటున్నారు, మమ్మల్ని నవ్వమన్నారు." ఆయాసంలోనే నవ్వింది. "నీ మూట కనపడదేం?"

"లోపలుంది అక్కా. పచ్చ పీలిక కట్టాను. దింపమను."

"అడిగా. ముందున్నవి వేరే శిబిరాలవట, ముట్టుకోకూడదట. వాటిని దింపి, తిరిగొచ్చేటప్పుడు ఇస్తారట."

లారీ తిరిగొచ్చే దారి కరకట్ట మీదుగా కాదని ఆయనకు తెలుసు.

"వస్తారులే. కాస్త ఓర్చుకో," అన్నాడు. డబ్బా మూత పెట్టేశాడు.

పొద్దు వాలుతుండగా మళ్లీ ఆ నంబరే మోగింది. మాట్లాడింది పక్క డేరా ఆవిడ.

"అన్నా, అక్క పోయింది. లారీ వస్తుందని దారి చూస్తూ, కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది."

ఆయన గోదాము మెట్ల మీద కూలబడ్డాడు. "నేనే సర్దానే అక్కా, నా చేతుల్తో నేనే," అని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. సంగతి తెలియని మేనేజరు లోపలినుంచే కేకేశాడు. "కరకట్టకు చెప్పిన టైముకే చేరింది మేస్త్రీ. పైవాళ్లు మెచ్చుకున్నారు."

ఆయన లేచి, ఎవరికీ చెప్పకుండా గేటు దాటాడు. ఆ గేటులోకి మళ్లీ రాలేదు.

చీకటి పడేవేళకు లారీ తిరిగొచ్చింది. హమాలీలు తలుపు తీశారు. కరకట్ట సరుకు పెట్టింది పెట్టినట్టే ఉంది. అన్నిటికన్నా లోపల, క్యాబిన్ గోడకు ఆనుకుని, అన్ని గతుకులు తిరిగొచ్చినా అంగుళం కదలని మూట, దానికి పచ్చ పీలిక ముడి.