గ్రేస్ చెప్పిన సాక్ష్యం

అత్త విశ్రాంతమ్మ ముందు అన్నం పళ్లెం పెట్టడం గ్రేస్‌కి పెద్ద పనేం కాదు. తినిపించడమే యుద్ధం. ముద్ద నోటి దాకా వెళ్లేసరికి ముసలామె కళ్లు మూసుకుంటుంది. ఇప్పుడే చేసిన ప్రార్థన ఆమెకు గుర్తుండదు. "ప్రార్థన లేకుంట తింటరా ఎవలన్న? సిగ్గులేదా?" అని కోడలినే కసిరి, మళ్లీ మొదటికొస్తుంది. ఈలోపు అన్నం చల్లారుతుంది, గ్రేస్ ఒళ్లు మండుతుంది.

మంట ముసలామె మీద కాదు. ఆమెకేం తెలుసు పాపం! ఇంటి ముందు గదిలోనే జిరాక్స్ షాపు పెట్టుకుని, లోపలికి తొంగిచూసి మాటలు విసిరే మొగుడు క్రాంతికుమార్ మీద. "గట్ల మొఖం మాడ్చుకోకు గ్రేస్. సంతోషంగ చేస్తెనే సేవ." తడిసిన పక్కగుడ్డలు సంతోషంగా పిండాలట. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు, ఈ ఇంట్లో చేసేవాళ్లు అంతకంటే లోకువ. గ్రేస్ దమ్మపేటలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. అత్త కోసం సెలవు పెట్టింది. సోమవారం రాకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటామని హెడ్‌మాస్టర్ ఫోన్ చేస్తే, క్రాంతికుమార్ తేలిగ్గా తీసేశాడు. "పోతె పోనియ్యి. అమ్మ కంటె నౌకరి ఎక్కువనా?" ఆ అమ్మ ఎవరికి అమ్మ అని అడగాలనిపించింది. బోర్డు ముందు నిలబడితేనే తను మనిషిలా ఉంటుందని అతనికి ఎన్నిసార్లు చెప్పాలి?

ఆదివారం సాయంత్రం వాళ్లింట్లోనే ప్రార్థన కూడిక. పాటలయ్యాక పాస్టర్ షాలేమ్‌రాజు, దేవుడు చేసిన మేలు లేచి చెప్పే సాక్ష్యాలు అడగ్గానే, క్రాంతికుమార్ భార్యను ఒక్కమాట అడక్కుండానే లేచాడు.

"మా గ్రేస్ చెప్తది అయ్యగారు. అమ్మకు ఎంత సంతోషంగ చేస్తున్నదో అందరు వినాలె."

గ్రేస్ లేచి నిలబడింది. దేవుడు బలమిస్తున్నాడని రెండు ముక్కలు చెప్పి కూర్చుంటే సరిపోయేది. క్రాంతికుమార్‌తో సహా అందరూ ప్రార్థనలో లాగే తలలు వంచి, కళ్లు మూసుకుని ఉన్నారు. ఇంతమంది ఆమె మాట వినడానికి నోరు మూసుకుని కూర్చోవడం ఇదే మొదటిసారి.

"నాకు సంతోషం లేదు," అంది. "అలసిపోయిన. రేపటి సంది నేను బడికి పోతున్న. పగలంత అత్తమ్మకు తినిపిచ్చుడు, స్నానం చేపిచ్చుడు, గుడ్డలు పిండుడు అన్ని ఆమె కొడుకు చూస్కుంటడు. ఆయనకు బలమియ్యమని అందరు ప్రార్థన చెయ్యండి."

"ఆమెన్!" అన్నారు ఆడవాళ్లందరూ, ఇల్లు అదిరేలా.

అలవాటు కొద్దీ క్రాంతికుమార్ కూడా అన్నాడు. ఆ తర్వాతే కళ్లు తెరిచాడు.